కొత్తవాళ్లతో మాట ఎక్కడ మొదలుపెట్టాలి? అల్వాల్ స్టేషన్‌లో నేను నేర్చుకున్న పాఠం

ఎట్లున్నరు? తిన్నారా?

చూశారా, మొదలుపెట్టగానే నేను రెండు ప్రశ్నలు అడిగా. నిజానికి ఆ రెండిటికీ నాకు జవాబు అక్కర్లేదు. మీరు తిన్నారో లేదో నాకు ఇక్కణ్ణుంచి తెలియదు, తెలిసినా నేను చేసేదేం లేదు. అయినా అడిగా. మీకు కూడా వింతగా ఏం అనిపించలేదు. ఇవాళ మనం మాట్లాడుకునేది దీని గురించే. కొత్త మనిషి ఎదురైతే మాట ఎట్లా కలపాలి? ఏ టాపిక్ ఎత్తితే అవతలివాళ్లకి ఇబ్బంది ఉండదు? ఇబ్బంది లేకపోవడమే కాదు, కాస్త ఇంట్రెస్టింగ్‌గా కూడా ఉండాలంటే ఏం చేయాలి?

"నాకు కొత్తవాళ్ల ముందు నోరు రాదు అన్నా" అని చాలామంది అంటుంటారు. నా ప్రాబ్లెమ్ అది కాదు. నాకు నోరు ఎక్కువే. ఆ నోటితోనే ఒకసారి ఒక మనిషిని బాధపెట్టా. ముందు ఆ తప్పు చెప్తా, తర్వాత మిగతా విషయాలకు వద్దాం.

నేనుండేది అల్వాల్‌లో. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ 2023 ఏప్రిల్‌లో మొదలైంది కదా. ఆ ఏడాదే నేను సికింద్రాబాద్‌లో ఒక కోచింగ్‌లో చేరా. పొద్దున అల్వాల్ స్టేషన్‌లో ఎక్కడం, సికింద్రాబాద్‌లో దిగడం. ఆగస్టులో క్లాసులు మొదలయ్యాయి. మొదటిరోజు నా పక్కన ఒకతను కూర్చున్నాడు. పేరు చెప్పను, ఫ్రెండ్ అనే అంటా. తను కూడా అల్వాలే అని తెలిసింది. నాకు హుషారొచ్చింది. పేరు అడిగా, ఇంటర్ ఎక్కడ అని అడిగా. తర్వాత మనందరం అడిగేదే అడిగా. "నాన్న ఏం చేస్తారు బ్రో?"

"లేడు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "అంటే, ఊళ్ల లేరా? గల్ఫా?" అన్నా.

"చనిపోయిండు. మొన్న జూన్ల."

క్లాసు మొదలవడానికి ఇంకా పది నిమిషాలుంది. ఆ పది నిమిషాలు మేమిద్దరం బోర్డు వైపు చూస్తూ కూర్చున్నాం. బోర్డు మీద ఏమీ లేదు. నేను "సారీ" కూడా అన్లేదు. ఎందుకంటే ఏమనాలో తెలియలేదు. మర్నాడు తను వేరే బెంచీలో కూర్చున్నాడు. నేను పిలవలేదు. ఇద్దరం ఒకే స్టేషన్‌లో ఎక్కుతాం, ఒకే చోట దిగుతాం, ఒకే గదిలో కూర్చుంటాం. రెండు నెలలు ఒక్క మాట లేదు.

ఇప్పుడు చెప్పండి, నేను చేసిన తప్పేంటి? "నాన్న ఏం చేస్తారు" అనేది బూతు కాదు, తిట్టు కాదు. మనకు స్కూల్ మొదటిరోజు నుంచీ అందరూ అడిగే ప్రశ్నే. మర్యాదగానే అడిగా, "చేస్తారు" అని గౌరవంగానే అన్నా. అయినా దెబ్బ తగిలింది. ఎందుకంటే కొన్ని ప్రశ్నలకు ఎట్లాంటి జవాబు ఉంటుందో అడిగేవాడికి తెలియదు. చెప్పేవాడికి మాత్రం తప్పించుకునే దారి ఉండదు.

దీని గురించి ఆలోచిస్తుంటే మా నానమ్మ గుర్తొచ్చింది. ఊళ్లో ఎవరైనా చెప్పులేసుకుని బయల్దేరుతుంటే, నేను చిన్నప్పుడు "ఎక్కడికి?" అని అరిచేవాణ్ణి. నానమ్మ నెత్తి మీద ఒక్కటి వేసేది. "పోయేటోళ్లను ఎక్కడికని అడగొద్దురా. దూరమా అని అడగాలె" అనేది. నేను అదంతా అపశకునం గోల అనుకున్నా. శకునం సంగతి పక్కన పెట్టండి, ఆ మాటలో ఉన్న తెలివి చూడండి. "ఎక్కడికి" అంటే జవాబు చెప్పి తీరాలి. ఆ మనిషి అప్పు అడగడానికి పోతుండొచ్చు, ఆస్పత్రికి పోతుండొచ్చు. "దూరమా" అంటే? "ఆ, కొంచెం దూరమే" అని నవ్వేసి పోవచ్చు. లేదంటే ఆగి, "బిడ్డ దగ్గరికి పోతున్న, పానం బాగలేదట" అని చెప్పుకోవచ్చు. రెండూ వాళ్ల చేతిలోనే ఉంటాయి. పలకరించినట్టూ ఉంటుంది, గుచ్చినట్టు ఉండదు.

బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ అని ఒక మానవ శాస్త్రవేత్త ఉండేవాడు. పసిఫిక్ సముద్రంలో ట్రోబ్రియాండ్ దీవుల్లో చాలాకాలం ఉండి అక్కడి జనాన్ని గమనించాడు. 1923లో ఒక వ్యాసంలో ఆయన ఇట్లాంటి మాటలకు ఒక పేరు పెట్టాడు, ఫాటిక్ కమ్యూనియన్ అని. అంటే సమాచారం కోసం కాకుండా, కేవలం మనిషికీ మనిషికీ మధ్య బంధం కలపడానికి మాట్లాడే మాటలు. మన "తిన్నావా", "దూరమా", "ఏం సంగతులు" అన్నీ అవే. అమ్మ రోజూ ఫోన్ చేసి "తిన్నావా" అని అడిగితే విసుక్కుంటాం కదా. అమ్మ అడిగేది అన్నం గురించి కాదు. "నేనున్నా, నువ్వున్నావా" అని అడుగుతోంది. ఈసారి ఫోనొస్తే విసుక్కోకండి.

సరే, ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఒక టాపిక్ సేఫా కాదా అని ఎట్లా తెలుసుకోవాలి? నేను పెట్టుకున్నవి మూడు చెక్‌లు. నోరు తెరిచే ముందు రెండు సెకన్లలో అయిపోతాయి.

మొదటిది. ఆ విషయం ఇద్దరి కళ్లముందూ ఉందా? లేట్ అయిన రైలు, పడుతున్న వాన, పెరిగిన క్యూ, పక్క బండి మీద మిర్చి బజ్జీ వాసన. ఇవి మీవీ కాదు, వాళ్లవీ కాదు. మధ్యలో ఉన్నవి. వీటి గురించి మాట్లాడితే ఎవరి ఇంట్లోకీ తొంగి చూసినట్టు ఉండదు.

రెండోది. ఆ జవాబుతో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని తేలిపోతుందా? జీతం, ర్యాంకు, ప్యాకేజీ, సొంతిల్లా అద్దిల్లా, ఏ కాలేజీ, ఫోన్ ఎంత పెట్టి కొన్నావ్. వీటన్నిటికీ జవాబు చెప్పగానే మనసులో ఒక నిచ్చెన తయారవుతుంది. ఒకరు పైమెట్టు, ఒకరు కిందిమెట్టు. మొదటి ఐదు నిమిషాల్లో నిచ్చెన వేస్తే ఫ్రెండ్‌షిప్ కష్టం.

మూడోది. చిన్న జవాబుతో తప్పించుకునే దారి ఉందా? మా నానమ్మ చెక్ ఇది. "ఆ, అవును" అని ఊరుకున్నా మర్యాద చెడకూడదు.

ఇప్పుడు మనం మామూలుగా అడిగే ప్రశ్నలను ఈ మూడిటితో చూద్దాం. "నాన్న ఏం చేస్తారు", మూడింటిలోనూ ఫెయిల్. "పెళ్లెప్పుడు", ఫెయిల్. కొత్తగా పెళ్లయినవాళ్లను "విశేషమేమైనా ఉందా" అని అడగడం అయితే ఘోరంగా ఫెయిల్. వాళ్లు ఎన్ని ఆస్పత్రులు తిరుగుతున్నారో మనకేం తెలుసు? "ఏంటి ఇట్లా లావైపోయావ్", "ఏంటి ఇట్లా చిక్కిపోయావ్", ఇవి ప్రశ్నలు కూడా కాదు. అవతలివాళ్ల ఇంట్లో అద్దం ఉంటుంది, వాళ్లు చూసుకుంటారు.

ఇంకొకటి ఉంది, కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. "మీ ఇంటిపేరేంటి?" మనలో చాలామందికి ఈ ప్రశ్న ఎందుకు వస్తోందో తెలుసు. మేం అల్వాల్‌లో అద్దిల్లు వెతికేటప్పుడు ఒక ఓనర్ ముందు ఊరు అడిగాడు, తర్వాత ఇంటిపేరు అడిగాడు, అది విన్నాక కూడా తేలలేదేమో, "అంటే మీరెవరు?" అన్నాడు. మా అమ్మ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇల్లు ఖాళీగా ఉంది, మా చేతిలో అడ్వాన్స్ ఉంది, మధ్యలో ఆ ఒక్క ప్రశ్న ఉంది. మేం తిరిగొచ్చేశాం. కాబట్టి ఫ్రెండ్స్, ఇంటిపేరు, తినేది వెజ్జా నాన్ వెజ్జా, ఏ దేవుణ్ణి మొక్కుతారు, ఇవి మీరు కులం కోసం అడగకపోయినా సరే, ఆ ప్రశ్నతో ఇంతకుముందు దెబ్బతిన్నవాళ్లకి అదే వినిపిస్తుంది. మొదటి పరిచయంలో వదిలేయండి.

యాస కూడా అంతే. మా ఏరియా చూడండి, రాజీవ్ రహదారి మీద ఉండటం వల్ల కరీంనగర్, సిద్దిపేట వైపు నుంచి వచ్చినవాళ్లుంటారు. ఆంధ్రా జిల్లాల నుంచి వచ్చినవాళ్లుంటారు. పక్కనే కంటోన్మెంట్ కాబట్టి మిలిటరీ కుటుంబాలు, తరాలుగా ఇక్కడే ఉన్న తమిళులు, మలయాళీలు ఉంటారు. ఒక్క ఛాయ్ బండి దగ్గర నాలుగు రకాల తెలుగు, రెండు రకాల హిందీ వినిపిస్తాయి. అట్లాంటిచోట "అబ్బో, మీది గోదావరా, ఆయ్ అనండి ఒకసారి" అని, "మీరు తెలంగాణ కదా, ఒక డైలాగ్ కొట్టండి" అని అంటారు. అనేవాళ్లకి అది సరదా. వినేవాళ్లకి అది యాభయ్యోసారి. మీకు వాళ్ల మాట నిజంగా నచ్చితే, ఒక మాటకి అర్థం అడగండి. "మీరిప్పుడు అన్న మాట మా వైపు లేదు, అంటే ఏంటండీ?" అని. వాళ్లు సంతోషంగా చెప్తారు. వాళ్లు చెప్పేవాళ్లు, మనం నేర్చుకునేవాళ్లం అయ్యాం కాబట్టి నవ్వే సంగతి ఉండదు.

"అన్నా, అన్నీ వద్దంటే ఇంక మిగిలిందేంటి, ఎండలూ వానలేనా?" అంటారేమో. కరెక్ట్ డౌటే. ఎండ సేఫే, కానీ ఇట్లా అవుతుంది. "ఎండ బాగా ఉంది కదా." "ఆ." అయిపోయింది. ఇద్దరూ ఫోన్లు తీస్తారు. సేఫ్ టాపిక్‌ని ఇంట్రెస్టింగ్ చేయడం అనేది రెండో పని. దానికి నేను చేసేది ఏంటంటే, మామూలు విషయానికి నాది ఒక చిన్న ముక్క కలుపుతా, తర్వాత వాళ్లది అడుగుతా. "ఎండ బాగా ఉంది కదా. నేనైతే పొద్దున బైక్ సీటు మీద కూర్చుని లేచి నిలబడ్డా. మీరు బండి ఎక్కడ పెడతారు?" అంతే. ఇప్పుడు వాళ్లకి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికింది.

దోమల సంగతే తీసుకోండి. అల్వాల్‌లో చెరువుల పక్కన ఉండేవాళ్లకి దోమల గురించి నేను చెప్పక్కర్లేదు. "దోమలెక్కువయ్యాయి" అంటే ఎవరైనా తలూపుతారు. అక్కడ ఒక ముక్క కలపొచ్చు. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, బేగంపేటలో. 1897 ఆగస్టు 20న. ఆయనకు 1902లో నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు. "దోమలకు మన ఊరు ఆనాటి నుంచీ ఫేమస్ అంకుల్" అంటే నవ్వని అంకుల్ నాకు ఇంతవరకూ కనిపించలేదు.

ఇట్లాంటివి మీ ఏరియాలో బోలెడుంటాయి, వెతుక్కోండి. మా దగ్గరైతే బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది. ఒకప్పుడు ఏడాదిలో కొన్ని రోజులే జనాన్ని లోపలికి పంపేవారు. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా చూడొచ్చు. "మీరు చూశారా? ఇంట్లో చిన్నపిల్లలతో పోతే బాగుంటుందా?" అని అడగొచ్చు. రాజీవ్ రహదారి మీద ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. లోతుకుంట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లెవరికైనా దాని మీద ఒక అభిప్రాయం ఉంటుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త. రోడ్డు గురించి మొదలుపెట్టి పార్టీల్లోకి పోకండి. ఏ ప్రభుత్వం చేసింది, ఏ ప్రభుత్వం చేయలేదు అని మొదలైతే ఇక ఆ ఛాయ్ చల్లారిపోతుంది.

అట్లానే ఈ సమాచారమంతా క్లాసులాగా చెప్పొద్దు. ఒక ముక్క చెప్పి వాళ్లకి వదిలేయాలి. నేను రొనాల్డ్ రాస్ గురించి ఒకసారి మా బంధువుల పెళ్లిలో పది నిమిషాలు చెప్పా. అవతలాయన ప్లేటు పట్టుకుని పెరుగు కోసం అని పోయాడు, మళ్లీ రాలేదు.

సినిమా, క్రికెట్. మనకి ప్రాణం కదా. ఇవి సేఫా? సగం సేఫ్. "మీరు ఏ హీరో ఫ్యాన్?" అంటే గొడవకి తలుపు తీసినట్టే. అందులో ఒక్కోసారి కులం లెక్కలు కూడా చూస్తారు. అదే టాపిక్‌ని ఇట్లా తిప్పండి. "మీరు థియేటర్‌లో చూసిన మొదటి సినిమా గుర్తుందా? ఎవరితో పోయారు?" ఇప్పుడు హీరో పోయి, వాళ్ల చిన్నతనం వచ్చింది. మా ఇంటిపక్కన రిటైరైన ఒక సార్ ఉన్నారు, రెండేళ్లుగా "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడలేదు. ఈ ఒక్క ప్రశ్నకి ఊళ్లో టూరింగ్ టాకీస్, నేల టికెట్, ఇసుక కుప్ప పోసుకుని కూర్చోవడం, అన్నీ చెప్పారు. నేను చేసింది ఒక్కటే, మధ్యలో "ఇసుక కుప్ప ఎందుకు సార్?" అని అడిగా. "ముందున్నోడి తల అడ్డం రాకుండారా" అన్నారు.

ఆ "ఎందుకు సార్" అనేది చాలా ముఖ్యం. 2017లో హార్వర్డ్‌లో కేరెన్ హువాంగ్, ఇంకొంతమంది పరిశోధకులు కలిసి ఒక అధ్యయనం అచ్చేశారు. సంభాషణల్లో ఎక్కువ ప్రశ్నలు అడిగేవాళ్లని అవతలివాళ్లు ఎక్కువ ఇష్టపడుతున్నారని తేలింది. అందులోనూ అన్ని ప్రశ్నలూ కాదు. వాళ్లు ఇప్పుడే చెప్పినదాన్ని పట్టుకుని అడిగే ప్రశ్నలు ముఖ్యం. అంటే మనకి పది టాపిక్‌లు బట్టీ పట్టాల్సిన పనిలేదు. ఒక్క టాపిక్ చాలు, వినాలి అంతే. "ఏ ఊరు? ఏం చదివావ్? ఎక్కడుంటావ్? ఎంతమంది?" అని వరసగా అడిగితే అది జనాభా లెక్కలవుతుంది, మాటలు కావు.

ఇప్పుడు అబ్బాయిలకి ప్రత్యేకంగా ఒక మాట. రైల్లోనో బస్‌స్టాప్‌లోనో తెలియని అమ్మాయి ఉంటే, మీకు మామూలుగా అనిపించే ప్రశ్న ఆమెకి భయంగా ఉండొచ్చు. "ఎక్కడ దిగుతారు?", "రోజూ ఇదే టైమ్‌కి వస్తారా?", "ఇల్లెక్కడ?" ఈ మూడూ మీకు మాట కలపడం. ఆమెకి మాత్రం, "ఇతను నా వెనక వస్తాడా" అనే ఆలోచన. ఇన్‌స్టా ఐడీ అడగడం కూడా అంతే. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నా, పుస్తకం తెరిచి ఉన్నా, ఒక్క మాటలో జవాబిచ్చి తల తిప్పుకున్నా, అర్థం ఒక్కటే, మాట్లాడే మూడ్ లేదు. అక్కడితో ఆపేయాలి. ఆపడం తెలిసినవాడి పక్కనే ఎవరైనా ధైర్యంగా మాట్లాడతారు.

చాటింగ్‌లో కూడా ఇదే. కొత్తగా గ్రూపులో చేరినవాళ్లకి "హాయ్" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకుంటాం. రెండు రోజుల తర్వాత "??" పెడతాం. ఆ "హాయ్"కి వాళ్లేం జవాబివ్వాలి? ఎవరో తెలియదు, ఎందుకో తెలియదు. దానికి బదులు, "హాయ్, మీరు నిన్న గ్రూపులో పెట్టిన నోట్స్ బాగున్నాయి, మూడో పేజీలో ఒక డౌట్ ఉంది, వీలున్నప్పుడు చెప్తారా" అనండి. ఎవరు, ఎందుకు, ఎప్పుడు, మూడూ వచ్చేశాయి. "వీలున్నప్పుడు" అనే మాట ఉంది కదా, మా నానమ్మ తప్పించుకునే దారి అదే.

ఇంకో భయం ఉంటుంది. "నేను మాట్లాడితే వాళ్లకి చిరాకేమో" అని. షికాగో యూనివర్సిటీలో నికొలస్ ఎప్లీ, జులియానా ష్రోడర్ అని ఇద్దరు 2014లో ఒక పని చేశారు. రోజూ రైల్లో ఆఫీసుకి పోయేవాళ్లలో కొంతమందిని పక్కవాళ్లతో మాట్లాడమన్నారు, కొంతమందిని ఒంటరిగా కూర్చోమన్నారు, ఇంకొంతమందిని రోజూ ఎట్లా పోతారో అట్లానే పొమ్మన్నారు. మాట్లాడినవాళ్లకే ప్రయాణం ఎక్కువ హాయిగా అనిపించింది. మాట్లాడితే ఎట్లా ఉంటుందో ఊహించమంటే మాత్రం, జనం ఉల్టా చెప్పారు, ఒంటరిగా ఉంటేనే బాగుంటుందని. 2018లో ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు ఇంకో సంగతి చూపించారు. కొత్తవాళ్లిద్దరు మాట్లాడుకున్నాక, "నేను వాళ్లకి అంతగా నచ్చలేదు" అని ఇద్దరూ అనుకుంటారట. నిజానికి అనుకున్నదానికంటే ఎక్కువే నచ్చి ఉంటారు.

ఇది చదివినప్పుడు నాకు నా ఫ్రెండ్ గుర్తొచ్చాడు. ఆ కథ సగంలో ఆపా కదా, ఇప్పుడు చెప్తా.

అక్టోబర్‌లో ఒకరోజు పొద్దున అల్వాల్ ప్లాట్‌ఫామ్ మీద ఉన్నా. ఆ లైన్లో రైళ్లు తక్కువ, ఒకటి మిస్సయితే చాలాసేపు ఆగాలి. ఆరోజు వచ్చే రైలే రావట్లేదు. తను నాకు నాలుగడుగుల దూరంలో నిల్చున్నాడు. ఇద్దరం ఫోన్లు చూస్తున్నట్టు నటిస్తున్నాం. ఎంతసేపని? చివరికి నేను అన్నా, "బ్రో, పట్టాల మీద నడుచుకుంట పోయినా ఈపాటికి సికింద్రాబాద్ ఒచ్చేది."

తను నవ్వలేదు. ఒక్క సెకను ఆగి, "రోడ్డు మీద పోయినా గింతనే. లోతుకుంట కాడ ఆగుతం" అన్నాడు.

"రోడ్డు కన్నా ఇదే నయం" అన్నా.

"మా నాన్న ఈ రోడ్డు మీదనే లారీ నడిపేటోడు" అన్నాడు. "రామగుండం దాక. వాపస్ వచ్చేటప్పుడు శామీర్‌పేట దాటంగనే ఫోన్ చేసి, అన్నం పెట్టుమని అమ్మకు చెప్పేటోడు. ఆ ట్రాఫిక్‌ల గంటకొచ్చేటోడు. అన్నం చల్లారిపోయేది. రోజూ అదే లొల్లి."

నేను "అయ్యో" అన్లేదు. "రామగుండం దాక ఎన్ని గంటలు పట్టేది?" అని అడిగా. తను చెప్పాడు. రైలొచ్చేదాకా చెప్పాడు, రైల్లో కూడా చెప్పాడు. ఆగస్టులో నేను అడిగిన ప్రశ్నకి జవాబు అదే కదా, నాన్న ఏం చేస్తారని. అడిగినప్పుడు రాలేదు. అడగనప్పుడు, లేటైన రైలు గురించి మాట్లాడుతుంటే వచ్చింది.

దిగే ముందు నేను చెప్పా. "ఆరోజు అట్లా అడిగినందుకు సారీ బ్రో. రెండు నెలలు నీతో మాట్లాడాలంటే భయమైంది." తను ఏమన్నాడో తెలుసా? "నువ్వు అడిగినందుకు కాదురా. అందరూ అడిగిండ్రు. అడిగి, అయ్యో అని, ఇగ మళ్ల నా మొఖం చూసుడు బంద్ చేసిండ్రు. నువ్వు గూడ అంతే అనుకున్న."

నేనేమో తనకి నా మీద కోపం అనుకున్నా. తనేమో నాకు తనంటే ఇబ్బంది అనుకున్నాడు. ఇద్దరం తప్పే. అందుకే ఆ 2018 పరిశోధన నాకు కొత్తగా అనిపించలేదు.

కాబట్టి చివరగా రెండు మాటలు. ఒకటి, సేఫ్ టాపిక్ అంటే పైపై మాటలతో టైమ్‌పాస్ చేయడం కాదు. మనిషి తన కష్టాన్ని తనకి ఇష్టమైనప్పుడు, తనకి నచ్చిన దారిలో చెప్పుకునే వీలివ్వడం. మనం వాకిట్లో నిలబడి పలకరించాలి, లోపలికి రమ్మనేది వాళ్లు.

రెండోది, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒకరోజు మాట జారుతుంది. కాలు జారితే తీసుకోవచ్చు, మాట జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. తీసుకోలేం, నిజమే. కానీ మర్నాడు మళ్లీ వెళ్లొచ్చు. "నిన్న అట్లా అడిగి ఉండాల్సింది కాదు, సారీ" అని ఒక్క వాక్యం చాలు. దాన్ని సాగదీయొద్దు, మన బాధని వాళ్ల నెత్తిన పెట్టొద్దు. తర్వాత వెంటనే మామూలు మాట. టీ తాగుదామా, నోట్స్ రాశావా, రైలెందుకు లేటు. కష్టంలో ఉన్నవాళ్లకి ఓదార్చేవాళ్లు కొన్నాళ్లు దొరుకుతారు. మామూలుగా మాట్లాడేవాళ్లే దొరకరు. నేను సిగ్గుతో దూరంగా ఉన్న ఆ రెండు నెలలు తనకి ఇంకో రెండు నెలల ఒంటరితనం. నేను అడిగిన ప్రశ్న కంటే నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

ఇవాళ్టికి మీకు ఒక చిన్న పని. మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లోనో, క్లాసులోనో, బస్‌స్టాప్‌లోనో రోజూ కనిపించి, ఇంతవరకూ ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి ఒకరుంటారు. రేపు వాళ్లతో ఒక్క మాట. ఇద్దరి కళ్లముందూ ఉన్నదాని గురించి, జవాబు చెప్పకపోయినా పర్లేదు అనేట్టుగా. వాళ్లు "ఆ" అని ఊరుకుంటే ఊరుకోనివ్వండి, ఎల్లుండి కూడా లిఫ్ట్ వస్తుంది.

ఏమైందో నాకు చెప్పండి. మళ్లీ కలుద్దాం. అమ్మ ఫోనొస్తే తిన్నానని చెప్పి ఊరుకోకండి, "నువ్వు తిన్నావా" అని కూడా అడగండి. ఉంటా మరి.